బిడ్డను మందలించే ముందు తండ్రి చూసుకోవాల్సిన జాగ్రత్తలు

తప్పు కంటబడగానే బిడ్డను పిలవకండి. ముందు మీ తలలో ఏం నడుస్తోందో చూసుకోండి.

• ఈ కోపం ఎవరి మీదది? ఆఫీసులో పడ్డ మాట, అప్పుల టెన్షన్, చాలని నిద్ర... చాలాసార్లు అసలు సంగతి ఇదే. బిడ్డ తప్పు అగ్గిపుల్ల మాత్రమే, ఎండుగడ్డి మనం ముందే పోగేసుకుని ఉంటాం. అలాగైతే మాటలు రేపటికి వాయిదా వేయండి.

• "వీడెప్పుడూ ఇంతే", "కావాలనే చేశాడు" అనిపిస్తోందా? ఆ ఆలోచనను అక్కడే ఆపండి. బైబిల్లో 2 కొరింథీయులకు 10:5లో అపొస్తలుడైన పౌలు ప్రతి ఆలోచననూ చెరపట్టి క్రీస్తుకు లోబరచడం గురించి రాశాడు. అక్కడి సందర్భం సంఘంలో, అంటే చర్చిలో, తలెత్తిన వాదనలది, నిజమే. కానీ వాదించేది మన మనసే అయినప్పుడూ అది పనికొస్తుంది. "ఎప్పుడూ" అన్నారే, నిన్న చెప్పగానే వినలేదా?

• "సంఘంలో వాళ్లు ఏమనుకుంటారో" అన్న భయం మీ పరువుది. బిడ్డ నెత్తిన పెట్టకండి.

• వచనాన్ని బెత్తంలా వాడొద్దు. పిల్లలు విధేయులై ఉండాలనే ఎఫెసీయులకు 6:1 మనకు నోటికొచ్చు. పిల్లలకు కోపం రేపొద్దని తండ్రులకే చెప్పిన 6:4 మాత్రం ఎందుకో గుర్తుకురాదు!

• చిన్న ప్రార్థన చేయండి, బిడ్డ మారాలని కాదు, మీరు వినగలగాలని.

• చెయ్యి లేచేలా ఉంటే ఆ గదిలోకే వెళ్లొద్దు. దీనికి మినహాయింపు లేదు.

• పోయినసారి అన్యాయంగా అరిచారా? ముందు క్షమాపణ అడగండి, తర్వాతే అసలు విషయం.