కలం నుంచి వేదికకు – 4వ పాఠం: కంటికి రాసినది చెవికి చేర్చడం

గత పాఠం చివర మీకొక పని అప్పగించాను. మీ పుస్తకంలోంచి పది నిమిషాలకు సరిపడే భాగాన్ని ఎంచుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని బిగ్గరగా చదివి, ఊపిరి చాలని ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టమని కోరాను. ఆ కాగితాలను ఇప్పుడు దగ్గర ఉంచుకోండి. ఈ పాఠమంతా ఆ గీతల గురించే.

కొరింథులో కొందరు అపొస్తలుడైన పౌలును ఎలా తక్కువ చేసి మాట్లాడారో ఆయనే వారికి పంపిన రెండవ పత్రిక (అంటే లేఖ) 10వ అధ్యాయంలో రాశాడు. ఆయన పత్రికలు బరువైనవే, బలమైనవే, కానీ మనిషి ఎదుట నిలబడితే బలహీనుడని, ఆయన మాట కొరగానిదని వారు అన్నారట. బాగా రాసి కూడా సభ ముందు తడబడే మనలాంటివారికి ఆ వచనం గొప్ప ఊరట. అయితే ఆ పత్రికలు కూడా మొదట చెవుల ద్వారానే సంఘాలకు చేరాయన్న సంగతి మరచిపోకూడదు. కొలొస్సయులకు రాసిన పత్రిక తమ మధ్య చదివించుకున్న తరువాత లవొదికయ సంఘంలోనూ చదివించాలని పౌలు అదే పత్రిక 4వ అధ్యాయంలో చెప్పాడు. ఒకరు నిలబడి చదివితే మిగిలినవారు కూర్చుని విన్నారు. అర్థం కానిచోట వెనక్కి తిప్పి చూసుకోవడానికి వారి చేతుల్లో పుటలు లేవు.

నా మొదటి పుస్తకాన్ని ఒక పల్లె మందిరంలో ఆవిష్కరించిన రోజున నాకు ఈ ఎరుక లేదు. నాకెంతో ఇష్టమైన ఈ వాక్యాన్ని ఆ రోజు అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా చదివాను: “తుపాను హెచ్చరిక రాకముందే వేటకు వెళ్లి మూడు రోజులైనా తిరిగిరాని నాన్న కోసం మందిరం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి అక్కడే మోకరించిన అమ్మ, తెల్లవారుజామున రేవులో ఆయన పడవ ఇంజను చప్పుడు విని, కొంగు జారిపోతున్నా లెక్కచేయక ఒడ్డుకు పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది.” సభ ముగిశాక ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మగారు నా దగ్గరకు వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, “ఇంతకీ మీ నాన్న ఒడ్డుకొచ్చాడా బాబూ?” అని అడిగారు. ఆమె శ్రద్ధగానే విన్నారు. జవాబు నా వాక్యంలోనే ఉంది, కానీ అది ఆమెకు అందేలా నేను చెప్పలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నిదానంగా చూద్దాం. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. “వెళ్లి”, “తిరిగిరాని”, “మోకరించిన”, “విని”, “పరుగెత్తి” అంటూ అసమాపక క్రియలనూ విశేషణాలనూ గొలుసుకట్టుగా పేర్చుకుంటూ పోతే, ఎవరు ఏమి చేశారో తేలేవరకు వినేవారు అన్నింటినీ మనసులో మోయాలి. కన్ను ఆ బరువును మోయగలదు, ఎందుకంటే అది వెనక్కి వెళ్లగలదు. చెవికి ఆ వీలు లేదు. అందుచేత అదే సంగతిని వేదిక మీద ఇలా చెప్పాలి:

“నాన్న వేటకు వెళ్లాడు. అప్పటికి తుపాను హెచ్చరిక రాలేదు. మూడు రోజులైంది, నాన్న రాలేదు. అమ్మ మందిరానికి వెళ్లింది. చెప్పులు విడిచింది, కానీ లోపలికి పోలేదు. గుమ్మం దగ్గరే మోకరించింది. తెల్లవారుజామున రేవులో ఇంజను చప్పుడైంది. అది నాన్న పడవ. అమ్మ పరుగెత్తింది. నాన్న చెయ్యి పట్టుకుంది.”

ఇక్కడ “ఆయన” అన్నచోటల్లా “నాన్న” అన్నాను. అచ్చులో ఒకే మాట పదే పదే వస్తే విసుగు కలుగుతుంది, వినికిడిలో మాత్రం అదే దారి చూపిస్తుంది. జారిపోతున్న కొంగును వదిలేశాను, ఎందుకంటే నాన్న వచ్చాడా లేదా అని ఎదురుచూస్తున్న క్షణంలో అది వినేవారి చూపును పక్కకు లాగుతుంది. విడిచిన చెప్పులను ఉంచాను, ఎందుకంటే అక్కడ కథ నెమ్మదిగానే నడుస్తోంది, వాటిని చూడటానికి వినేవారికి తీరిక ఉంది. మీ పుస్తకంలోని వాక్యాన్ని మార్చనవసరం లేదు. అది కంటి కోసం రాసినది, అలాగే ఉండనివ్వండి.

గుర్రం జాషువా పద్యాలు ఈ విషయంలో మనకు పెద్ద పాఠం. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ కవి రాసిన శ్మశాన పద్యాలను హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనులో నటులు పాడగా, అక్షరం రానివారు కూడా విని కంఠస్థం చేసుకున్నారు. పద్యానికి పాదం ఉంది, యతి ఉంది, ఊపిరి తీసుకునే చోటు ఉంది. మన వచనంలో ఆ చోట్లను మనమే ఏర్పరచుకోవాలి. మీరు పెన్సిలుతో గీసిన గీతలు అవే.

ఇక బైబిలు వచనాలు చదవడం గురించి. మన బైబిలు భాష గ్రాంథికం, మన మాట వ్యావహారికం. రెంటినీ ఒకే వాక్యంలో కలిపితే వచనం ఎక్కడ ముగిసిందో, మీ వ్యాఖ్య ఎక్కడ మొదలైందో వినేవారికి తెలియదు. నెహెమ్యా 8వ అధ్యాయంలో గ్రంథాన్ని స్పష్టంగా చదివి, ఆ తరువాత జనులు గ్రహించేలా అర్థం చెప్పారని ఉంది. ఆ వరుసనే పాటించండి. ముందు గ్రంథం పేరు, అధ్యాయం, వచనం రెండుసార్లు చెప్పండి. పుటలు తిప్పే చప్పుడు పూర్తిగా ఆగేదాకా వేచి ఉండండి. ఆ చప్పుడు మీదుగా చదివిన వచనం సగం మందికి చేరదు. చదవడం అయ్యాక ఒక ఊపిరి కాలం మౌనంగా ఉండి, అప్పుడు మీ మాటల్లో వివరించండి. నజరేతు సమాజమందిరంలో యేసు ప్రభువు చదవడం ముగించి, గ్రంథం చుట్టి, పరిచారకునికి ఇచ్చి కూర్చున్నాడనీ, అందరి కన్నులూ ఆయన మీదనే ఉన్నాయనీ లూకా 4వ అధ్యాయం చెబుతుంది. ఆయన మాట మొదలుపెట్టింది ఆ తరువాతనే.

ఈ మౌనానికి భయపడే చాలామంది, చెప్పవలసినది గుర్తుకు రానప్పుడు “హల్లెలూయా”, “స్తోత్రం” అంటూ ఆ ఖాళీని నింపుతారు. దయచేసి ఆ అలవాటు చేసుకోకండి. అవి ఆరాధనలో పలికే మాటలు, మతిమరుపును కప్పే దుప్పట్లు కావు. మాట మరచిపోతే ఆగండి, కాగితం చూసుకోండి, కొనసాగించండి. సంఘం ఓపికగా ఎదురుచూస్తుంది.

మైకు గురించి ఒక్క సంగతే చెబుతాను. పెదవులు మూసి తెరిచే ‘ప’ అక్షరంతో గాలి వేగంగా బయటికి వచ్చి మైకులో ఠప్పుమంటుంది. ప్రభువు, ప్రార్థన, ప్రేమ, పాపం, పరిశుద్ధాత్మ, ఇలా మనం తరచుగా పలికే మాటలెన్నో ‘ప’తోనే మొదలవుతాయి. కాబట్టి మైకును నోటికి బెత్తెడు దూరంలో, గడ్డానికి ఎదురుగా కొంచెం కిందకు పట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: గీతలు పెట్టిన వాక్యాల్లో అతి పొడవైన మూడింటిని విడదీసి తిరగరాయండి. ఇంట్లో ఒక పెద్దవారికి, ఒక పిల్లవాడికి కాగితం చూపించకుండా వినిపించి, విన్నది తిరిగి చెప్పమని అడగండి. వారిని మధ్యలో దిద్దకుండా చివరిదాకా వినండి. ఎక్కడ వారు ఆగారో, ఎవరు చేసిన పనిని ఎవరికి అంటగట్టారో రాసుకోండి. ఆ చోటనే వాక్యాన్ని మళ్లీ విప్పి, మరునాడు మరొకరికి వినిపించండి. వచ్చే పాఠంలో, అరగంట ప్రసంగానికి సిద్ధపడి వెళ్లినవారికి నిర్వాహకులు అయిదు నిమిషాలే ఇచ్చినప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో నేర్చుకుందాం.