మందార కొమ్మతో పాటు గూడూ ఒరిగితే

మొన్న తిరుపతిలో మా పెరట్లో మందార కత్తిరిస్తుంటే పిగిలిపిట్ట గూడు పక్కకు ఒరిగింది. లోపల మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు.

టెన్షన్ పడకుండా ముందు కత్తెర పక్కన పెట్టండి. కొమ్మను పురికొసతో పాత చోటికే లాగి కట్టండి. గూడు చెదిరితే చిన్న వెదురుబుట్టలో పెట్టి, అదే చెట్టుకు, అదే ఎత్తులో, నీడపట్టున కట్టాలి. మన ఎండకు నీడ పోతే గుడ్లు దక్కవు. నేను తెగిన కొమ్మలనే పైన అడ్డం కట్టాను.

చెయ్యి తగిలితే తల్లి రాదని మా అవ్వ అంటుంది. అదేం లేదు. మనం అక్కడే నిలబడితేనే రాదు. లోపలికెళ్లి కిటికీలోంచి చూడండి. మా పిట్ట నలభై నిమిషాలకు వచ్చింది.

పొదగడానికి సుమారు 2 వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో 2. అప్పటిదాకా కత్తెర అటకమీదే.