ఓడ దిగాక రైలెక్కేలోపు: యూరప్ నదీ ప్రయాణానికి ముందు చూసుకోవాల్సినవి

యూరప్‌లో రివర్ క్రూజ్‌కి వెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ మంచిది, బాల్కనీ గది తీసుకోవాలా వద్దా అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఓడ అనుకున్న రోజున అనుకున్న ఊళ్లో దింపకపోతే, ఆ తర్వాతి రైలు టికెట్ల గతేంటి? పిల్లల దగ్గరికి జర్మనీకో నెదర్లాండ్స్‌కో వెళ్లిన అమ్మానాన్నలు వారం రోజులు ఓడలో తిరిగి, అట్నుంచటే రైల్లో ఇంకో నాలుగు ఊళ్లు చూసొద్దామనుకోవడం ఇప్పుడు మామూలైంది. ప్లాన్ మంచిదే. దెబ్బతినేది మాత్రం ఎక్కువగా ఓడకీ రైలుకీ మధ్య అతుకు దగ్గరే.

ముందు నీళ్ల సంగతి

పాపికొండల లాంచీలు గోదావరికి వరదొస్తే ఆగిపోతాయి. రైన్, డాన్యూబ్ నదుల మీద ఓడలు వరదొచ్చినా ఆగుతాయి, నీరు తగ్గినా ఆగుతాయి. తగ్గితే అడుగు నేలకు తగులుతుంది, పెరిగితే వంతెన కింద ఓడ పట్టదు.

ఎక్కడ ఆగే అవకాశం ఉందో ముందే చెప్పొచ్చు. లాకులు (ఓడను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్ల గదులు) ఉన్నచోట ఆనకట్టలు నీటిని నిలబెడతాయి కాబట్టి ఎండాకాలంలోనూ లోతుకు లోటుండదు. లాకులు లేనిచోటే తంటా. రైన్ మీద స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి జర్మనీలోని ఇఫెట్స్‌హైమ్ దాకా 10 లాకులున్నాయి. అది దాటాక జర్మనీ పొడుగునా రైన్ మీద ఇంకొకటి లేదు. కొండల మీద వరసగా కోటలు కనిపించే భాగం, అంటే మనం డబ్బు పెట్టి చూడటానికి వెళ్లేది, సరిగ్గా ఈ లాకుల్లేని దారిలోనే ఉంది. అక్కడ కౌబ్ అనే చిన్న ఊళ్లో నీటిమట్టం గేజీ ఉంటుంది. రైన్ మీద నడిచే ఓడలన్నిటికీ ఆ అంకె మీదే కన్ను. 2018 అక్టోబర్‌లో అది 25 సెంటీమీటర్లకు పడింది. 2022 ఆగస్టులోనూ 35 కిందికి దిగింది. ఆ అంకె చూసి మోకాలి లోతు నీళ్లే ఉన్నాయని హడలిపోకండి. గేజీలో సున్నా నది అడుగు దగ్గర ఉండదు. ఓడలు నడిచే పాయలో లోతు ఆ అంకె కంటే మీటరుకు పైగా ఎక్కువ ఉంటుంది. జర్మనీ జలమార్గాల శాఖ నడిపే ఎల్విస్ అనే సైట్‌లో ఈ మట్టాలు ఎవరైనా చూడొచ్చు. బయల్దేరే రెండు వారాల ముందు నుంచి రోజూ ఓసారి చూస్తే, అంకె పడుతోందా లేస్తోందా తెలిసిపోతుంది.

డాన్యూబ్ మీద అలాంటి చోటు జర్మనీలో స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ ఊళ్ల మధ్య దాదాపు 70 కిలోమీటర్లు. న్యూరెంబర్గ్ దగ్గరో రీగెన్స్‌బుర్గ్ దగ్గరో ఎక్కి బుడాపెస్ట్ వెళ్లే ఓడ ఆ ముక్క దాటి తీరాలి. ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య వెళ్లేవాళ్లు పస్సావ్‌లో ఎక్కే క్రూజ్ చూసుకోవడం మేలు, ఆ ఊరు విల్స్‌హోఫెన్‌కి దిగువన ఉంది. పూర్తి భరోసా అయితే దానికీ లేదు. ఆస్ట్రియాలో వాహావ్ లోయ దగ్గర, వియన్నా దాటాక కూడా లాకుల్లేని ముక్కలున్నాయి.

వరద మాటకొస్తే, 2013 జూన్‌లో పస్సావ్ దగ్గర డాన్యూబ్ 12.89 మీటర్లకు చేరింది. 2024 సెప్టెంబర్‌లో బోరిస్ తుఫాను వానలకు ఆస్ట్రియాలో ఓడల రాకపోకలు ఆపేశారు, జనం ఉన్న ఓడలు వియన్నా రేవులోనే కట్టేసి ఉండిపోయాయి. ఫలానా నెలలో వెళ్తే ఏ సమస్యా ఉండదని ఏజెంట్ ఎవరైనా అంటే నమ్మకండి. నన్నడిగితే రైన్‌కి మే, జూన్ మేలంటాను. ఆల్ప్స్ మంచు కరిగి నీళ్లొచ్చే కాలమది.

కంపెనీని అడిగి రాయించుకోవాల్సినవి

నీరు తేడా వస్తే కంపెనీలు సాధారణంగా మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తాయి. ఆగిన చోటికి అవతల ఉన్న తమ ఇంకో ఓడకు బస్సులో తీసుకెళ్లి ఎక్కిస్తాయి. లేదంటే ఓడను ఒకచోట కట్టేసి రోజూ బస్సుల్లో ఊళ్లు చూపిస్తాయి. మరీ కుదరకపోతే హోటల్. వీటికి డబ్బు వెనక్కి ఇవ్వనక్కర్లేదని ఒప్పంద పత్రంలో చిన్న అక్షరాల్లో రాసి ఉండటం సాధారణం. యూరప్‌లోని సంస్థ దగ్గరే ప్యాకేజీ కొంటే అక్కడి చట్టం కొంత అండగా ఉంటుంది. బయల్దేరక ముందే ప్రయాణంలో పెద్ద మార్పు చేస్తే, ఫీజు లేకుండా రద్దు చేసుకునే హక్కు ఉంది. హైదరాబాద్ ఏజెంట్ ద్వారా కొంటే ఏ దేశపు షరతులు వర్తిస్తాయో మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమా పడొద్దు. ఓడ బదులు బస్సెక్కించడం చాలా పాలసీల లెక్కలో రద్దు కిందికి రాదు.

వీసాలో తప్పే చోట్లు

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటిగా ఇచ్చే షెంగెన్ వీసా ఎక్కువ రాత్రులు గడిపే దేశం దగ్గర అడగాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ ఓడ స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ నాలుగూ తాకుతుంది. పైన రైలు ప్రయాణం కలిపితే లెక్క మారిపోవచ్చు. కంపెనీ నుంచి రోజువారీ కార్యక్రమం కాగితం తీసుకుని, రైలు రాత్రులు కూడా కలిపి లెక్కేసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకు పాత జబ్బులూ కవరయ్యేది చూడండి.

బుడాపెస్ట్ దాటి బెల్‌గ్రేడ్ వైపు వెళ్లే క్రూజ్ అయితే జాగ్రత్త. సెర్బియా షెంగెన్‌లో లేదు. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే ఇచ్చిన వీసాతో అక్కడికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి యూరోస్టార్ రైల్లో లండన్ వెళ్దామనుకుంటే దానికి వేరే బ్రిటన్ వీసా కావాలి.

వీసా స్టిక్కర్ మీద చెల్లుబాటు తేదీలతో పాటు ఎన్ని రోజులు ఉండొచ్చో విడిగా ఒక అంకె ఉంటుంది. చాలామంది తేదీలే చూసుకుంటారు. మనల్ని కట్టడి చేసేది ఆ అంకె కూడా. వరదకు రెండు రోజులు ఆగిపోయినా సరిపోయేలా దరఖాస్తులోనే నాలుగు రోజులు ఎక్కువ అడగండి.

ఓడలో

ఇక్కడ పెద్ద టెన్షన్ ఏమీ లేదు, కానీ పెద్దవాళ్లతో వెళ్తుంటే కొన్ని ముందే తెలియాలి. చాలా ఓడల్లో లిఫ్ట్ అట్టడుగు అంతస్తు దాకా వెళ్లదు. ఆ గదులు చవక, కిటికీ పైకప్పు దగ్గర ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ గది వద్దు. రేవులో చోటు చాలక ఓడలను పక్కపక్కనే ఆనించి కడతారు. గట్టుకు వెళ్లాలంటే పక్క ఓడ లోంచో, దాని పైడెక్ మీంచో దాటాలి. ఒక్కోసారి పైకెక్కి దిగాలి కూడా. వాన పడితే మధ్యలో వేసే బల్ల జారుతుంది. డబ్బెట్టి కొన్న బాల్కనీ ఎదురుగా పక్క ఓడ గోడ వచ్చి నిలబడేదీ అప్పుడే.

చాలా ఓడలు 11.4 మీటర్ల వెడల్పు ఉంటాయి, కొన్ని లాకులు దానికంటే కొంచెమే ఎక్కువ. తడి కాంక్రీటు గోడ చేతికందేంత దగ్గరగా జరుగుతుంటే ముట్టుకోవాలనిపిస్తుంది. ముట్టుకోవద్దు, బాల్కనీలోంచి చెయ్యి గానీ ఫోన్ గానీ బయట పెట్టొద్దు. న్యూరెంబర్గ్ వైపు కాలువ మీద వంతెనలు మరీ కిందికి ఉంటాయి. కెప్టెన్ గది కూడా కిందికి దించేస్తారు, పైడెక్ మూసేస్తారు. మూయని చోట సిబ్బంది కూర్చోమంటే సెల్ఫీ మానేసి కూర్చోండి.

ఊళ్లోకి వెళ్లేటప్పుడు రిసెప్షన్ దగ్గర ఇచ్చే కార్డు తీసుకుని, రాగానే తిరిగివ్వాలి. మీరు ఓడలో ఉన్నారో లేదో వాళ్లకు తెలిసేది దానివల్లే. పాస్‌పోర్టులు చాలా ఓడల్లో వాళ్లే దాచుకుంటారు. పాస్‌పోర్టుదీ వీసాదీ ఫొటో ఫోన్‌లోనూ, ఒక జిరాక్స్ జేబులోనూ ఉంచండి. మందులు హ్యాండ్‌బ్యాగ్‌లోనే. ఓడ మార్చాల్సి వస్తే పెద్ద పెట్టెలు వేరే బండిలో వస్తాయి.

గదిలో కెటిల్, రైస్ కుక్కర్ పెట్టనివ్వరు. ఇంటి నుంచి కందిపొడి, పచ్చడి తెచ్చుకుంటే ఫరవాలేదు, నూనె కారకుండా చూసుకోండి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు మాత్రం ఇండియా నుంచి తేకూడదు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. శాకాహారమైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి. చేప కూడా తినమని విడిగా రాయండి.

దిగాక రైలు

చివరి రోజు ఉదయం ఎనిమిది, తొమ్మిదికల్లా గది ఖాళీ చేయించేస్తారు. అలాగని పదింటి రైలుకి టికెట్ కొనేయకండి. నా సలహా అయితే ఓడ దిగే ఊళ్లో ఒక రాత్రి హోటల్ తీసుకోవాలి. బుడాపెస్ట్ అయినా ఆమ్‌స్టర్‌డామ్ అయినా ఒక రోజుకు తగ్గ ఊళ్లే. ఆ హోటల్ కూడా ముందు రోజు దాకా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. అది కుదరకపోతే కనీసం మొదటి రైలుకైనా మార్చుకునే టికెట్ కొనండి. మిగతావి చవక టికెట్లు ఉండనీయండి.

జర్మనీలో చవక టికెట్ ఒకే రైలుకి కట్టుబడి ఉంటుంది. రైళ్ల వల్ల గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ఆ కట్టు వదిలేస్తారు, వేరే రైలెక్కొచ్చు. ఓడ ఆలస్యమైతే మాత్రం ఆ సౌకర్యం వర్తించదు. రైల్వేకి దాంతో సంబంధం లేదు కదా.

జర్మనీ రైళ్లంటే గడియారం లెక్కన నడుస్తాయన్న మాట పాతబడింది. 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్లలో టైముకి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని టైముకింద లెక్కేస్తేనే. అందుకే రైలు మారే చోట యాప్ చూపించే ఎనిమిది నిమిషాల కనెక్షన్ ఒద్దు, పెద్ద పెట్టెలుంటే అరగంటైనా ఉండాలి. మొత్తం దారికి ఒకే టికెట్ కొనండి. ముక్కలుగా వేరువేరు టికెట్లు కొంటే, మొదటిది లేటై రెండోది పోయినా అడిగే హక్కు ఉండదు. ఆలస్యంగా వచ్చే జర్మన్ రైళ్లను స్విస్ వాళ్లు బాసెల్‌లోనే ఆపేస్తుంటారు, అక్కడ వేరే రైలెక్కాలి. బాసెల్‌లో స్విస్ స్టేషన్, జర్మన్ స్టేషన్ రెండున్నాయి. బుడాపెస్ట్‌లో కెలెతి, న్యుగతి, డేలి మూడు పెద్ద స్టేషన్లు. టికెట్ మీద పేరు చివరి దాకా చదవండి.

జర్మనీ రైల్వే కొన్ని దారులను నెలల తరబడి పూర్తిగా మూసి మరమ్మతు చేస్తోంది. 2026 ప్రణాళికలో న్యూరెంబర్గ్–రీగెన్స్‌బుర్గ్, పస్సావ్ వైపు దారి, రైన్ కుడిగట్టు దారి ఉన్నాయి. అంటే క్రూజ్ వాళ్లకు కావాల్సినవే. టికెట్ కొనేముందు ఆ తేదీల్లో రైలా, బదులు బస్సా చూసుకోండి.

కూలీలు దొరకరు. లిఫ్ట్ చెడిపోయి ఉంటే పెట్టెలు మెట్లెక్కించాల్సింది మనమే. మనిషికి ఒక్క పెట్టె, అదీ తను ఒంటరిగా ఎత్తగలిగినంతే. జర్మనీ వేగం రైళ్లయిన ఐసీఈల్లో కొన్నిటిని రెండు రైళ్లు కలిపి నడిపి, మధ్యలో విడదీసి వేర్వేరు ఊళ్లకు పంపుతారు. ఏదో ఒక బోగీలోకి ఎక్కేస్తే ఇంకో ఊళ్లో తేలతారు, కోచ్ నంబర్ చూసే ఎక్కండి. చాలా దేశాల రైళ్లకు పనికొచ్చే యూరైల్ పాస్ ఉన్నా ఫ్రాన్స్ వేగం రైలు టీజీవీకి, యూరోస్టార్‌కి సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. ఎక్కేముందే ఆ ప్రయాణాన్ని పాస్ యాప్‌లో చేర్చాలి. జేబులో కాస్త చిల్లర యూరోలు ఉంచుకోండి, స్టేషన్ టాయిలెట్‌కి డబ్బు కట్టాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం ఊళ్లో దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి.

రైలు గంట లేటైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి అడగొచ్చు. తుఫాను లాంటివాటికి మినహాయింపు ఉంది. టికెట్, ఆలస్యం చూపించే స్క్రీన్‌షాట్ దాచుకుని, ఇండియా వచ్చాకైనా సరే, మూడు నెలల లోపు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోండి.