ఒకే పేరాలో ఒకే సోర్స్‌ని ఎన్నిసార్లు సైట్ (cite) చెయ్యాలి?

సైట్ చెయ్యడమంటే ఈ మాట ఫలానా పుస్తకంలోది అని రచయిత పేరు, సంవత్సరం చూపించడం, అలా చూపించేదే సైటేషన్. చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలు డ్రాఫ్టులు పంపితే ఎక్కువగా రెండు రకాల పేరాలు కనపడతాయి. ఒకదాంట్లో ప్రతి వాక్యం చివరా అదే బ్రాకెట్, అదే పేరు, అదే సంవత్సరం. ఇంకోదాంట్లో ఏడెనిమిది వాక్యాలు రాసేసి చిట్టచివర ఒక్క బ్రాకెట్ పెట్టి వదిలేస్తారు. మొదటిది చదవడానికి విసుగు, అంతే. రెండోది మాత్రం డేంజర్, ఎందుకంటే ఆ బ్రాకెట్ ఆఖరి వాక్యానికేనా, పైవాటన్నిటికీనా అన్నది చదివేవాళ్ళకి తెలిసే దారి లేదు.

నేను చూసుకోమనేది ఒక్కటే. పేరాలో ఏ వాక్యం మీద వేలు పెట్టి ఇది ఎవరి మాట అని అడిగినా అక్కడికక్కడే జవాబు దొరకాలి. దానికి ఎన్ని సైటేషన్లు కావాలో అన్ని పెట్టండి, అంతకంటే ఒక్కటి కూడా వద్దు.

ఎగ్జాంపుల్‌కి 1876-78 మద్రాసు కరువు మీద రాస్తున్నారనుకుందాం (డిగ్బీ అంటే ఆ కరువు మీద పుస్తకం రాసినాయన, టెంపుల్ అంటే కరువు ఖర్చు చూడ్డానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్). చాలామంది ఇలా రాస్తారు: "టెంపుల్ కరువు కూలీ తగ్గించాడు (డిగ్బీ, 1878). రోజుకి పౌను (దాదాపు అరకిలో) గింజలు, ఒక అణా ఇచ్చారు (డిగ్బీ, 1878). శానిటరీ కమిషనర్ కార్నిష్ ఒప్పుకోలేదు (డిగ్బీ, 1878)." ఇదే ఇలా రాసి చూడండి: "టెంపుల్ వచ్చాక కూలీ రోజుకి పౌను గింజలు, ఒక అణాకి దిగిందని డిగ్బీ (1878) రాశాడు. కష్టం చేసే మనిషికి ఆ తిండి చాలదని కార్నిష్ ఎదురు తిరిగిన సంగతి కూడా ఆయనే చెప్తాడు." సైటేషన్ ఒకటే, అయినా రెండో వాక్యం ఎవరిదో ఎవరికీ అనుమానం రాదు. పేరుని మొదటి వాక్యంలోకి తెచ్చేసి, తర్వాత "ఆయనే", "అదే పుస్తకంలో" అంటూ నడిపిస్తే చాలా బ్రాకెట్లు వాటంతటవే పోతాయి. సోషల్ సైన్సెస్‌లో ఎక్కువగా వాడే సైటేషన్ స్టైల్ ఏపీఏ, దాని ఏడో ఎడిషన్ చెప్పేది కూడా ఇదే, సొంత మాటల్లో చెప్తున్నంతసేపూ సోర్స్ మారకుండా, అది క్లియర్‌గా తెలుస్తుంటే మొదటి వాక్యంలో ఇచ్చింది చాలు. అదే పేరాలో మళ్ళీ డిగ్బీ పేరు వాక్యంలోనే వస్తే సంవత్సరం కూడా అక్కర్లేదు, కానీ బ్రాకెట్లో పెడితే మాత్రం ప్రతిసారీ ఉండాలి.

మరి మళ్ళీ ఎప్పుడు పెట్టాలంటే, దారం తెగినప్పుడల్లా. మధ్యలో ఇంకో రచయిత వచ్చి వెళ్ళాడు, మళ్ళీ డిగ్బీ దగ్గరికొస్తున్నారు, పెట్టండి. "దీన్నిబట్టి నాకు అనిపించేది" అని మీ మాట ఒకటి చెప్పి వెనక్కొస్తున్నారు, పెట్టండి, అందరూ వదిలేసేది ఇక్కడే, మీ అభిప్రాయం ఎక్కడ ఆగిందో తెలీక అంతా డిగ్బీ ఖాతాలో పడిపోతుంది. ఆయన మాటల్నే కోట్స్‌లో పెడితే పేజీ నంబర్‌తో సహా ప్రతిసారీ ఇవ్వాల్సిందే. కొత్త పేరా మొదలైతే మళ్ళీ మొదట్నించీ. ఇంకోటి, కార్నిష్ మాటల్ని డిగ్బీ పుస్తకంలోనే చదివుంటే "కార్నిష్ మాట, డిగ్బీ ద్వారా" అని తెలిసేలా ఇవ్వండి. కార్నిష్ రాసిన కాగితం ఎగ్మూర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో దొరికి చదివితే అప్పుడు నేరుగా ఇచ్చుకోవచ్చు.

మిగతా స్టైల్స్ గురించి క్లుప్తంగా. సాహిత్యం వాళ్ళు వాడే ఎంఎల్ఏ స్టైల్లో సోర్స్ మారనంతవరకు తర్వాతి బ్రాకెట్లో పేజీ నంబర్ ఒక్కటి చాలు. ఇంజినీరింగ్ వాళ్ళ ఐట్రిపుల్‌ఈలో ఒకసారి ఇచ్చిన నంబరే ప్రతిచోటా వాడతారు. చికాగో స్టైల్ ఫుట్‌నోట్లలో ఇబిడ్ (ibid., "పై నోట్‌లో చెప్పిందే" అని) అలవాటున్నవాళ్ళు మానుకోండి, 2017లో వచ్చిన పదిహేడో ఎడిషనే దానికి బదులు ఇంటిపేరు, పొట్టి టైటిల్, పేజీ ఇమ్మంటోంది. ప్రాక్టికల్‌గా కూడా అదే మంచిది, మధ్యలో ఇంకో నోట్ చేర్చారంటే కింద ఉన్న ఇబిడ్ వెళ్ళి వేరే పుస్తకాన్ని చూపిస్తుంది, అది మీ కంటికి కనపడదు.

"ప్రతి లైన్‌కీ పెట్టకపోతే ప్లేజియరిజం అంటారేమో అన్నా" అని అడుగుతుంటారు. ఆ భయం అర్థమవుతుంది, 2018 యూజీసీ రూల్స్ ప్రకారం సిమిలారిటీ (సాఫ్ట్‌వేర్ చూపించే, వేరేచోట ఉన్న రాతతో కలిసే భాగం) 10 శాతం దాటి 40 లోపుంటే థీసిస్ దిద్ది ఆరు నెలల్లోపు మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. కానీ సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల వరసని, బ్రాకెట్లు పెంచితే ఆ నంబర్ తగ్గదు. డిగ్బీ వాక్యాన్నే రెండు మాటలు అటూఇటూ చేసి పక్కన పది సైటేషన్లు పెట్టినా అది కాపీయే. పుస్తకం మూసేసి, అర్థమైంది మీ భాషలో రాసి, తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోండి.

ట్రిప్లికేన్‌లో బైండింగ్‌కి ఇచ్చేముందు ఒక్క చాప్టర్ ప్రింట్ తీసి కలర్ పెన్సిళ్ళతో కూర్చోండి. ఒక్కో సోర్స్‌కి ఒక్కో రంగు, మీ సొంత మాటకి వేరే రంగు, వాక్యం వాక్యం గీసుకుంటూ పోండి. రంగు మారిన చోట ఆ మార్పు చదివేవాళ్ళకి తెలిసేలా సైటేషనో, "నా ఉద్దేశంలో" లాంటి మాటో ఉండాలి, లేకపోతే చేర్చండి. మారని చోట అదే బ్రాకెట్ నాలుగుసార్లుంటే మూడు కొట్టేయొచ్చు, పేజీతో ఇచ్చిన కోట్స్ మాత్రం కదపొద్దు. పేరా మొత్తం ఒకే రంగులో ఉండి అందులో మీ రంగు ఎక్కడా లేకపోతే సైటేషన్ల సంగతి పక్కనపెట్టి, ఆ పేరాలో మీరు చెప్పాలనుకున్నదేంటో ముందు రాయండి.