ఐరైటిస్‌కి స్టెరాయిడ్ డ్రాప్స్ నేనెలా వాడానంటే

కన్ను ఎర్రగా అయ్యి వెలుతురు చూస్తే లోపల్నించి పోటు వచ్చేది, ఇంట్లోవాళ్లు కళ్లకలక అన్నారు గానీ పుసి లేదు, చూపు కూడా మసక. డాక్టర్ స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దదిగా చేసి చూపే మైక్రోస్కోప్) చూసి ఐరైటిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్) వాపు అని చెప్పి ప్రెడ్నిసోలోన్ అసిటేట్ 1 శాతం అనే స్టెరాయిడ్ చుక్కలు మొదట్లో మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి, దాంతోపాటు ఆ ఐరిస్ వెనకున్న లెన్స్‌కి అతుక్కోకుండా కంటిపాపని పెద్దది చేసే హోమాట్రోపిన్ చుక్కలు రాశారు (ఇది వేస్తే దగ్గరివి కనపడవు, బండి నడపడం కుదరదు).

ఈ స్టెరాయిడ్ మందు సీసా అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్రతిసారీ బాగా ఊపాలి, లేకపోతే వేసేది ఉత్త నీళ్లే. కింది రెప్ప లాగి ఒక్క చుక్క, కన్ను మూసి ముక్కు పక్క మూల రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే గొంతులోకి చేదు దిగదు. రెండో మందుకి అయిదు నిమిషాలు ఆగాలి.

నొప్పి తొందరగానే తగ్గింది కానీ అక్కడే ఆపకూడదు, వారాల తరబడి చుక్కలు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే వాపు తిరగబెడుతుంది. స్టెరాయిడ్ చుక్కల వల్ల కంటి లోపలి ప్రెషర్ పెరగొచ్చు, అది మామూలుగా 10 నుంచి 21 mmHg మధ్య ఉండాలట, నాకు పెరిగితే దాన్ని తగ్గించే టిమోలాల్ చుక్కలు కలిపారు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఇది రాసే ముందే చెప్పేయండి.

పక్కింటి పిన్ని మిగిలిన సీసా అడిగింది, ఇవ్వలేదు. వరి ఆకు గీరుకుని ఫంగస్ పట్టిన కంట్లోనో, హెర్పిస్ వైరస్ వల్ల కంటి మీద వచ్చిన పుండు మీదో ఇది పడితే చూపే పోవచ్చు.