పండగ అమ్మకాల ముందు సర్వర్ అలర్ట్‌లు: డేటా ఆగితే మోగుతాయా?

పోయిన వారం నేను పనిచేసే చోట అర్ధరాత్రి డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయి ఆర్డర్లు ఆగిపోయాయి. డిస్క్‌కి అలర్ట్ ఉంది. ఖాళీ 10 శాతం కంటే తగ్గితే ఫోన్ మోగాలి. మోగలేదు. ఆ సాయంత్రమే సర్వర్‌లో నోడ్ ఎక్స్‌పోర్టర్ (డిస్క్, మెమరీ లాంటి లెక్కలను మానిటరింగ్‌కు అందించే చిన్న ప్రోగ్రామ్) ఆగిపోయిందని తెల్లారాక తెలిసింది. దసరా, దీపావళి అమ్మకాలు దగ్గరపడ్డాయి, అందుకే ఇది రాస్తున్నాను.

డేటా రాకపోతే

మేం వాడే మానిటరింగ్ టూల్ ప్రొమీథియస్‌లో డేటా లేని షరతుకు ఫలితమే రాదు. ఫలితం లేకపోతే అలర్ట్ లేదు. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. అప్పటికే మోగుతున్న అలర్ట్ కూడా డేటా ఆగిన కాసేపటికి ‘సమస్య తీరింది’ అని మెసేజ్ పంపుతుంది. అది నమ్మి పడుకున్నవాళ్లను చూశాను. అందుకే ‘అప్’ (సర్వర్ నుంచి డేటా అందితే 1, అందకపోతే 0 అయ్యే విలువ) 0 అయితే మోగే అలర్ట్ అన్నిటికంటే ముందు పెట్టండి. కాన్ఫిగరేషన్‌లోంచి సర్వర్ పేరే ఎగిరిపోతే ‘అప్’ కూడా ఉండదు, దానికి ‘యాబ్సెంట్’ (ఆ డేటానే లేకపోతే ఫలితమిచ్చే ఫంక్షన్) వాడాలి. జాబిక్స్ అనే మానిటరింగ్ టూల్‌లో అయితే ‘నోడేటా’ ట్రిగ్గర్ (డేటా రాకపోతే మోగే షరతు). అమెజాన్ క్లౌడ్ మానిటరింగ్ సర్వీసు క్లౌడ్‌వాచ్‌లో ముఖ్యమైన అలారాలకు, డేటా రాకపోతే హద్దు దాటినట్టే లెక్కగట్టమని మీరే సెట్ చేయాలి.

హద్దులు

సీపీయూ వాడకం ఒక్క నిమిషం 95 శాతానికి వెళ్లిందని ఎవరినీ నిద్ర లేపకండి. స్పందన సమయానికి సగటు నమ్మకండి. వంద రిక్వెస్టుల్లో 98 యాభై మిల్లీసెకన్లలో అయిపోయి, రెండు మాత్రం 5 సెకన్లు తీసుకున్నా సగటు 149 మిల్లీసెకన్లే. డబ్బు కడుతూ ఇరుక్కుపోయిన ఆ ఇద్దరు సగటులో కనపడరు. 99వ పర్సంటైల్ (వందలో 99 రిక్వెస్టులు ఎంతలోపు అయిపోయాయో చెప్పే సంఖ్య) చూడండి.

ఇక మిగిలినవి.

- డిస్క్‌లో జాగాతో పాటు ఐనోడ్‌లకూ (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున కావాల్సిన నమోదులు) అలర్ట్ పెట్టండి. జాగా ఉన్నా ఐనోడ్‌లు అయిపోతే కొత్త ఫైల్ పుట్టదు.
- లినక్స్‌లో ‘మెమ్‌ఫ్రీ’ (పూర్తిగా ఖాళీగా ఉన్న మెమరీ) కాదు, ‘మెమ్‌అవైలబుల్’ (ప్రోగ్రామ్‌లకు నిజంగా దొరకగల మెమరీ) చూడండి.
- పాత సైలెన్స్‌లు (అలర్ట్ మోగకుండా ఆపి పెట్టిన సెట్టింగులు) తీసేయండి.
- మానిటరింగ్‌ను, అది గమనించే సర్వర్‌లోనే నడపొద్దు.
- ఎప్పుడూ మోగుతూనే ఉండే వాచ్‌డాగ్ అలర్ట్ ఒకటి బయటి సర్వీసుకు పంపండి. అది ఆగితే ఆ సర్వీసు మీకు ఫోన్ చేయాలి.
- అలర్ట్‌లు వెళ్లే జాబితాలో ఉద్యోగం మానేసినవాళ్ల నంబర్లు ఇంకా ఉన్నాయేమో చూడండి.
- మళ్లీ చెప్తున్నా, డేటా రాకపోతే మోగాలి. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉందని వదిలేయొద్దు.
- ఈ రోజే ఒక సర్వర్‌లో ఎక్స్‌పోర్టర్ ఆపండి. పది నిమిషాల్లో ఫోన్ మోగకపోతే ఇంటికి వెళ్లకండి, సరిచేసి మళ్లీ ఆపి చూడండి.