ప్రాథమిక తరగతిలో సాంకేతిక సాధనాలు: ఎందుకు, ఎప్పుడు, ఎంతసేపు

ప్రాథమిక తరగతి ఉపాధ్యాయులు ట్యాబ్‌ను గానీ ప్రొజెక్టర్‌ను గానీ పాఠంలోకి తెచ్చే ముందు తమను తాము అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సాధనం లేకపోతే ఈ పాఠంలో నాకు తెలియకుండా పోయేది ఏమిటి, పిల్లలు చేయలేకపోయేది ఏమిటి? కచ్చితమైన జవాబు దొరికితే సాధనం వాడాలి. దొరక్కపోతే నల్లబల్ల, పుల్లల కట్టలు, గింజలు సరిపోతాయి. పాఠ్యపుస్తకంలోని పేజీనే తెర మీద చూపడం వల్లా, పలక మీద చేసే లెక్కనే ట్యాబ్ మీద చేయించడం వల్లా హడావిడి తప్ప అదనంగా ఒరిగేది లేదు.

అధ్యయనాలు చూసినా ఈ సంగతే కనబడుతుంది. పెరూలో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకాన్ని 300కు పైగా గ్రామీణ పాఠశాలల్లో పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో గణితంలో గానీ భాషలో గానీ ఫలితాలు మెరుగైన దాఖలా కనిపించలేదు. అంతకు ముందు, 2007లో ప్రచురితమైన మరో అధ్యయనం ప్రకారం, వడోదరలో నాలుగో తరగతి పిల్లలు ఇద్దరికొక కంప్యూటర్ చొప్పున వారానికి రెండు గంటలు, తమ స్థాయిని బట్టి కఠినత మారే గణిత ఆటలు ఆడినప్పుడు గణితంలో చెప్పుకోదగిన ప్రగతి సాధించారు. యంత్రాలు తక్కువగా ఉన్నచోటే ఫలితం వచ్చిందన్నది, పరికరాల కొరత గురించి బాధపడే ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన విషయం.

అందరి జవాబూ ఒకేసారి

ప్రశ్న వేయగానే చేతులెత్తే నలుగురైదుగురిని చూసి తరగతికంతటికీ పాఠం అర్థమైందనుకోవడం ప్రాథమిక తరగతుల్లో తరచుగా జరిగే పొరపాటు. సాంకేతిక సాధనం ఎక్కువగా ఉపకరించేది ఇక్కడే, ఎందుకంటే మౌనంగా కూర్చున్న పిల్లల ఆలోచన కూడా దానివల్ల బయటపడుతుంది. పిల్లల చేతికి పరికరం ఇవ్వనవసరం లేని ప్లికర్స్ అనే యాప్‌తో మొదలుపెట్టడం మంచిది. ఇందులో ప్రతి విద్యార్థికీ నలుపు గుర్తు అచ్చువేసిన ఒక కాగితపు కార్డు ఉంటుంది; దాని నాలుగు అంచుల మీద ఏ, బీ, సీ, డీ అక్షరాలుంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, ఉపాధ్యాయుడు ఫోన్ కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పగానే ఎవరు ఏ జవాబు ఇచ్చారో నమోదవుతుంది. అక్షరాలు చాలా చిన్నవిగా ఉండటం వల్ల పక్కవారి కార్డు చూసి జవాబు పసిగట్టడం కష్టం. కార్డులు పాడవకుండా లామినేషన్ చేయించేవారు మెరుపు లేని రకాన్ని ఎంచుకోవాలి. మెరిసే పూత మీద వెలుతురు పడితే కెమెరా గుర్తును చదవలేదు.

అయితే సాధనం కన్నా ప్రశ్న ముఖ్యం. నాలుగు ఐచ్ఛికాల్లో తప్పు జవాబులను తోచినట్టు రాయకుండా, ఒక్కొక్కటీ పిల్లలు నిజంగా చేసే ఒక్కొక్క పొరపాటుకు గుర్తుగా ఉండేలా రాయాలి. ఉదాహరణకు 53 నుంచి 27 తీసివేయమని అడిగి 26, 34, 36, 80 అని ఐచ్ఛికాలు ఇస్తే, 34 ఎంచుకున్నవారు ఒకట్ల స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారనీ, 36 ఎంచుకున్నవారు అప్పు తెచ్చుకున్నారు గానీ పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచారనీ, 80 ఎంచుకున్నవారు కూడిక చేశారనీ తెలిసిపోతుంది. ఇదే లెక్కను 52 నుంచి 27 అని ఇస్తే మొదటి రెండు పొరపాట్లకూ 35 అనే ఒకే జవాబు వస్తుంది. అప్పుడు ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో తేలదు. ఇలాంటి ప్రశ్నలు మూడు తయారు చేయడానికి పట్టే సమయం, దొరికిన క్విజ్ నుంచి ఇరవై ప్రశ్నలు దింపుకోవడానికి పట్టే సమయం కన్నా ఎక్కువే, కానీ ఆ మూడే ఎక్కువ పనికొస్తాయి.

జవాబులు రాగానే సరైనదేదో ప్రకటించకూడదు. తరగతి రెండు మూడు వర్గాలుగా చీలినట్టు కనిపిస్తే, ఎవరి జవాబు ఏమిటో తెర మీద చూపకుండా, పక్కనున్నవారికి తమ జవాబును సమర్థించి చెప్పమని రెండు నిమిషాలు ఇచ్చి, అదే ప్రశ్నను మళ్లీ అడగాలి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ కళాశాల విద్యార్థుల కోసం రూపొందించిన ఈ పద్ధతి మూడో తరగతిలోనూ చక్కగా సాగుతుంది. దాదాపు అందరూ తప్పు చెప్పినప్పుడు మాత్రం చర్చ వల్ల లాభం లేదు. పాఠాన్ని మరో విధంగా చెప్పవలసిందే.

కహూట్ వంటి పోటీ క్విజ్‌లను పిల్లలు ఇష్టపడతారు. కానీ త్వరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లు ఇచ్చే ఏర్పాటు, నిదానంగా ఆలోచించే పిల్లలకు నష్టం చేస్తుంది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగుపడతాయనీ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి సంభాషణలను పరిశీలించి చూపారు. అందువల్ల ఇలాంటి క్విజ్‌లో ప్రశ్నకిచ్చే గడువు పొడిగించి, వీలైతే వేగానికిచ్చే పాయింట్లు తీసేసి, కొత్త పాఠానికి కాకుండా వచ్చిన పాఠం పునశ్చరణకు వాడుకోవడం మేలు.

చదివింది తామే వినడం

పిల్లల పఠనాన్ని మెరుగుపరచడానికి ఫోన్‌లో ఉండే మామూలు వాయిస్ రికార్డర్‌కు మించిన సాధనం అవసరం లేదని నా అభిప్రాయం. స్థాయికి తగిన పేరాను విద్యార్థి చేత ఒక నిమిషం చదివించి రికార్డు చేయాలి. తర్వాత అదే పేరాను ఎదురుగా పెట్టుకుని తన గొంతు తానే వింటూ, ఆగిపోయిన చోట గీత, వదిలేసిన ఒత్తు కింద చుక్క పెట్టమనాలి. చదివేటప్పుడు గమనించని తప్పులను వినేటప్పుడు పిల్లలే పట్టుకుంటారు. వారం తర్వాత అదే పేరా మళ్లీ చదివించి రెండు రికార్డులూ పక్కపక్కన వినిపిస్తే, మార్కులు చెప్పలేని మార్పు వారి చెవులకే తెలుస్తుంది. రోజుకు ఐదుగురి చొప్పున చేస్తే 30 మంది ఉన్న తరగతి ఆరు పనిదినాల్లో పూర్తవుతుంది. కొత్త కథల కోసం ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌ను ఆశ్రయించవచ్చు. అందులో అనేక భాషల కథలు ఉచితంగా లభిస్తాయి, దింపుకుంటే నెట్ లేకుండానే చదివించవచ్చు.

ఊహ ముందు, తెర తర్వాత

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ ప్రాజెక్టులో భిన్నాలు, తూకం, కాంతి వంటి అంశాల మీద ఉచిత సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, ఉన్నాయి. వాటిలో ఊగుడు పలక మీద బరువులు పెట్టే సిమ్యులేషన్‌ను పై తరగతుల పిల్లలకు ఇచ్చే ముందు, స్కేలును పెన్సిల్ మీద నిలబెట్టి నాణేలు పెట్టే పని వారి చేతులతో చేయించాలి. ఆ తర్వాత, కేంద్రానికి ఒక మీటరు దూరంలో 10 కిలోల ఇటుకలున్నప్పుడు, రెండో వైపు 20 కిలోలు ఎక్కడ పెడితే పలక సమంగా నిలుస్తుందో, ఎందుకో నోటు పుస్తకంలో రాయించాలి. పలక కింది ఆధారాలు తీసేదాకా ఫలితం తెలియదు కాబట్టి ఊహించడానికి అవకాశం ఉంటుంది. రాయకుండా మొదలుపెడితే పిల్లలు సమంగా నిలిచేదాకా ఇటుకలను అటూ ఇటూ జరుపుతారే తప్ప, దూరం సగమైతే బరువు రెట్టింపు కావాలన్న సంబంధం వారి దృష్టికి రాదు.

ఒకటి, రెండు తరగతులకు 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్ బాగుంటుంది. అందులోని ఆదేశాల దిమ్మెల మీద మాటలు కాకుండా బొమ్మలుంటాయి కనుక, ఇంకా చదవడం రాని పిల్లలు కూడా తెర మీది పిల్లి బొమ్మను నడిపించి, గెంతించి, వెనక్కి రప్పించగలరు. ఏం చేయించాలో ముందు కాగితం మీద గీసుకోమనడం మరవకూడదు.

తరగతిలో నడపడం

పరికరాలు తక్కువైతే ఇద్దరికొకటి ఇచ్చి, ఒకరు చెప్పడం, మరొకరు నొక్కడం అనే పద్ధతి పెట్టి, కొన్ని నిమిషాలకొకసారి స్థానాలు మార్పించాలి. చెప్పేవారు తెర ముట్టుకోకూడదన్న నియమం పెడితే తప్ప చురుకైనవారే మొత్తం చేసేస్తారు. ఉపాధ్యాయుడు మాట్లాడేటప్పుడు ట్యాబ్‌లన్నీ బోర్లించి ఉండాలి. పాఠానికి కావలసినవన్నీ ముందు రోజే దింపుకుని, నెట్ ఆపేసి ఒకసారి పరీక్షించుకోవాలి. ప్రొజెక్టర్ అక్షరాలను ఆఖరి వరుసలో కూర్చుని చదివి చూసుకోవాలి. విద్యుత్తు పోతే అదే పాఠాన్ని కాగితం మీద నడిపే ఏర్పాటు బల్ల మీద సిద్ధంగా ఉండాలి. తెర ముందు పని ఎక్కువసేపు సాగితే, ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 సెకన్ల పాటు, సుమారు 6 మీటర్ల దూరంలోని వస్తువును చూడమనడం కళ్లకు విశ్రాంతినిస్తుంది.

పిల్లల వివరాల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. చాలా యాప్‌లు 13 ఏళ్ల లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి అడగడానికి మూలం అమెరికాలో 1998లో చేసిన బాలల ఆన్‌లైన్ గోప్యతా చట్టం. చట్టం ఏది వర్తించినా, పూర్తి పేర్లకు బదులు క్రమసంఖ్యలు వాడడం, ఫొటోలు పెట్టకపోవడం, ప్రకటనలు చూపే యాప్‌లను పక్కనపెట్టడం, కెమెరా, మైకు, లొకేషన్ అనుమతుల్లో పాఠానికి అవసరం లేనివి నిరాకరించడం ఉపాధ్యాయుని చేతిలో ఉన్న పనులే. ఏ యాప్ ఎందుకు వాడుతున్నారో, అందులో ఏ వివరాలు నమోదవుతున్నాయో తల్లిదండ్రులకు ఒక పేజీలో రాసి పంపాలి. విద్యా సంవత్సరం ముగిసే లోపు పిల్లల గొంతు రికార్డులను, ఖాతాలను తొలగించి, తొలగించినట్టు అదే తల్లిదండ్రులకు తెలియజేయాలి.